ఇజ్మీర్ రేవు, ఉమూర్ బే

మధ్యయుగపు తురుష్క పాలకులు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఢిల్లీ సుల్తానులే. 1323లో ఓరుగల్లు కోట పడిపోయి కాకతీయుల పాలన ముగిసిన కథ బడిలో చదువుకున్నదే కాబట్టి అది సహజం. సరిగ్గా ఆ కాలంలోనే, నేటి టర్కీ పడమటి తీరాన ఏజియన్ సముద్రపు ఒడ్డున, చాలా చిన్న రాజ్యానికి వారసుల్లో ఒకడైన కుర్రవాడు ఓడలు కట్టించడానికి సిద్ధమవుతున్నాడు. అతని పేరు ఉమూర్. మన దేశంలో తుగ్లక్ కొలువులో ఏళ్ళ తరబడి గడిపిన ఇబ్న్ బతూతా, ఇటు రావడానికి కొద్దికాలం ముందే ఆ ఉమూర్‌ను కలిశాడు. ఢిల్లీ గురించి ఏం రాశాడో చూద్దామని ఆ యాత్రా వృత్తాంతం తెరిచిన నేను అనటోలియా (నేటి టర్కీలోని ఆసియా భాగం) పుటల దగ్గరే ఆగిపోయాను. అప్పటినుంచి ఈ మనిషి గురించి రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

కొంచెం పూర్వకథ చెప్పాలి. 1243లో కోసె దాగ్ దగ్గర మంగోలుల చేతిలో ఓడిపోయాక అనటోలియాలోని సెల్జూక్ సుల్తానుల పట్టు సడలిపోయింది. ఆ తర్వాతి అరవై డెబ్బై ఏళ్ళలో ఎక్కడికక్కడ తురుష్క నాయకులు తమ తమ సీమలను సొంతం చేసుకున్నారు. అలాంటి నాయకుణ్ణి బే అంటారు, అతని రాజ్యాన్ని బేలిక్ అంటారు. గెర్మియాన్ అనే పొరుగు రాజ్యపు బేల దగ్గర సేనానిగా ఉన్న ఐదిన్ కొడుకు మెహ్మద్ 1308 ప్రాంతంలో బిర్గీ పట్టణాన్ని ఏలుబడిలోకి తెచ్చుకుని సొంత రాజ్యం స్థాపించాడు. బోజ్ దాగ్ పర్వతాల పాదాన ఉన్న ఆ ఊళ్ళో అతను 1312లో కట్టించిన పెద్ద మసీదు ఇప్పటికీ నిలిచి ఉంది. పాత కట్టడాలనుంచి తెచ్చిన రాళ్ళతో లేపిన ఆ మసీదు బయటి గోడ మూలలో, ఇస్లాంకు ఎన్నో శతాబ్దాల ముందటి సింహపు శిల్పం ఒకటి యథాతథంగా కూర్చుని ఉంటుంది. తీసి పారేయాలని ఎవరికీ తోచలేదు. ఆ రాజ్యం ఎలాంటి నేలమీద, ఎవరి మధ్య పుట్టిందో ఆ ఒక్క మూల చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రజల్లో చాలామంది అప్పటికింకా గ్రీకులే.

మెహ్మద్‌కు అయిదుగురు కొడుకులు: హిజిర్, ఉమూర్, ఇబ్రాహీం, సులేమాన్, ఈసా. తండ్రి బతికుండగానే ఒక్కొక్కరికి ఒక్కో పట్టణం అప్పగించాడు. పెద్దవాడు హిజిర్‌కు పాత ఎఫెసస్ పక్కనున్న ఆయాసొలుక్ దక్కింది. 1309లో పుట్టిన రెండోవాడు ఉమూర్‌కు ఇజ్మీర్ వచ్చింది. గ్రీకులు, ఇటలీ వర్తకులు దాన్ని స్మిర్నా అనేవారు.

ఇబ్న్ బతూతా 1330ల తొలినాళ్ళలో బిర్గీ చేరినప్పుడు, ఎండలకు తాళలేక మెహ్మద్ కొండమీద విడిది చేసి ఉన్నాడు. అతిథిని అక్కడికే పిలిపించుకున్నాడు, తర్వాత పట్టణానికి తీసుకొచ్చాడు. ఒకరోజు మాటల మధ్య, ఆకాశంనుంచి పడిన రాయిని ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. లేదనగానే పెద్ద నల్లరాయి ఒకటి మోయించుకొచ్చారు. మెరుపు తేలుతూ, అతి గట్టిగా ఉందని, బరువు ఒక కింటారు (ఆనాటి పెద్ద తూకం) ఉండవచ్చని యాత్రికుడు రాశాడు. మెహ్మద్ రాళ్ళు కొట్టేవాళ్ళను నలుగురిని పిలిపించాడు. నలుగురూ ఒక్కసారిగా ఇనుప సమ్మెటలతో నాలుగుసార్లు మోదినా ఆ రాతిమీద గీత కూడా పడలేదు. దాన్ని మళ్ళీ దాని చోటికి తీసుకెళ్ళమన్నాడు. కొత్తగా రాజైనవాడి కొలువులో ఉల్కాశిల ఎందుకంత అపురూపమో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వంశ చరిత్ర పొడుగ్గా లేనివాడికి ఆకాశం ఇచ్చిన వస్తువు ఒకటి చేతిలో ఉంటే ఆ ధీమా వేరు.

అక్కడినుంచి ఇబ్న్ బతూతా తీరానికి దిగి ఇజ్మీర్ చేరాడు. ఊరు పెద్దదే కానీ చాలావరకు శిథిలమై ఉందన్నాడు. ఉమూర్ స్వయంగా అతను దిగిన మఠానికి వచ్చి పలకరించాడు, ఘనంగా విందు సామగ్రి పంపాడు, రెండు పట్టు వస్త్రాలూ నికోలా అనే గ్రీకు బానిస కుర్రవాణ్ణీ బహూకరించాడు. ఆ కుర్రవాడు తప్ప ప్రభువు దగ్గర ఇంకో బానిస మిగల్లేదని, ఉన్నవాళ్ళందరినీ అలా ఇచ్చేశాడని ఉమూర్ దగ్గరి ఇమాము చెప్పాడట. యాత్రికుడికి అది దాతృత్వానికి పరాకాష్ఠగా కనిపించింది. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గర నికోలా ఎక్కడివాడో, ఏ దీవినుంచి ఎత్తుకొచ్చారో అన్న ఆలోచనే వస్తుంది. ఉమూర్ ఓడలు తిరిగొచ్చేటప్పుడు తెచ్చే సరుకులో మనుషులే ముఖ్యం. అంతకు కొద్దిరోజుల ముందే ఆయాసొలుక్‌లో ఒక గ్రీకు అమ్మాయిని నలభై బంగారు దీనార్లకు కొన్నానని ఇబ్న్ బతూతా ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నాడు. ఉమూర్ దానగుణాన్ని ఎవరు పొగిడినా ఆ దానానికి మూలధనం ఎక్కడిదో మరచిపోకూడదు.

ఇక ఇజ్మీర్ సంగతి. ఆ ఊరికి రెండు కోటలు ఉండేవి. కొండమీది కోటను మెహ్మద్ 1317లోనే పట్టుకున్నాడు. రేవు ఒడ్డున ఉన్న కింది కోట మాత్రం ఇటలీలోని జెనోవా నగర వంశీయుడు, ఖియోస్ దీవి ప్రభువు అయిన మార్టినో జకారియా చేతుల్లో ఉండిపోయింది. పై కోట ఎవరిదైతేనేం, రేవు చేజిక్కనిదే ఓడ కదలదు. ఉమూర్ ఇజ్మీర్‌లో అడుగుపెట్టగానే చేసిన మొదటి పని ఆ కింది కోటను చుట్టుముట్టడం. రెండున్నరేళ్ళ పోరు తర్వాత, 1329 నాటికి, అది లొంగింది. అతనికి అప్పుడు ఇరవై ఏళ్ళు. వెంటనే ఓడలు కట్టించాడు. వాటిలో తాను ఎక్కేదానికి గాజీ (మతయోధుడు) అని పేరు పెట్టుకున్నాడు. స్తెప్పీ మైదానాలనుంచి గుర్రాలమీద వచ్చిన జాతి, రెండు మూడు తరాల్లో తెడ్ల ఓడలమీద యుద్ధం చేయడం నేర్చింది. ఓడలు కట్టిన చేతులు, సముద్రం తెలిసిన చేతులు చాలావరకు తీరవాసులైన గ్రీకులవే అయి ఉండాలని నా నమ్మకం.

ఖియోస్, గల్లిపోలి, ఎవ్బియా, మొరేయా తీరాలు - అతని దాడులకు గురికాని చోటు ఏజియన్‌లో తక్కువ. ఈ దాడుల గురించి మనకు విస్తారంగా చెప్పేది ఎన్వెరీ అనే కవి 1465లో, ఒట్టోమన్ ప్రధాన వజీరు మహ్మూద్ పాషా కోసం పూర్తి చేసిన పద్యచరిత్ర. ఉమూర్ చనిపోయిన నూరేళ్ళ పైచిలుకు తర్వాతి రచన కావడంతో అందులో వీరగాథల రంగులు బాగానే పులుముకున్నాయి. కొరింథ్ దగ్గర భూసంధి మీదుగా ఓడలను నేలమీద లాగించి అవతలి సముద్రంలో దింపాడని, నల్లసముద్రం దాటి డాన్యూబ్ ముఖద్వారం దాకా వెళ్ళాడని ఆ కావ్యం చెబుతుంది. వీటిలో ఎంతవరకు జరిగింది, ఎంతవరకు పాడింది అన్నది పక్కన పెడితే, వెనిస్‌వాళ్ళూ పోపూ అతని పేరు చెబితే ఉలిక్కిపడిన మాట మాత్రం నిజం.

1334 మొదట్లో మెహ్మద్ వేటలో నీళ్ళలో పడి, ఆ తర్వాత కన్నుమూశాడు. ఆచారం ప్రకారం పెద్దకొడుకు హిజిర్ గద్దె ఎక్కాలి. అతను తమ్ముడికి దారి ఇచ్చాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకోవడం మామూలైన ఆ కాలంలో ఇది చెప్పుకోదగ్గ విషయమే అయినా, చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు, నేనూ దాటేస్తున్నాను.

తెలుగువాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కుల్ మసూద్ అనే రచయిత ఉమూర్ కోసం కలీలా దిమ్నా కథలను పారశీకంనుంచి తురుష్క భాషలోకి అనువదించాడు. అది మన పంచతంత్రమే. సంస్కృతంనుంచి పహ్లవీకి, అరబీకి, పారశీకానికి ప్రయాణించి ఏజియన్ తీరపు కొలువుకు చేరిన పంచతంత్రం. సింహానికీ ఎద్దుకూ మధ్య కుదిరిన స్నేహం నక్క మాటలతో ఎలా విరిగిందో చెప్పే ఆ మిత్రభేదమే మన పిల్లలకు చిన్నయసూరి నీతిచంద్రికలో పాఠమయింది. అరబీ, పారశీకాలు పండితుల భాషలుగా చెలామణీ అవుతున్న చోట, తన ప్రజల మాటలో పుస్తకం కావాలని అడిగిన ప్రభువు ఇతను. దాడుల జాబితాలకంటే ఇది నాకు ఎక్కువ నచ్చిన సంగతి. ఆ కథలు విన్న ప్రభువు జీవితం కూడా తర్వాత ఒక స్నేహం చుట్టూనే తిరిగింది.

ఆ స్నేహితుడు జాన్ కంటకుజెనోస్, కాన్‌స్టాంటినోపుల్‌నుంచి ఏలే గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యపు, అంటే బైజాంటైన్, చక్రవర్తి మూడో అండ్రోనికోస్‌కు కుడిభుజం లాంటి సేనాపతి. 1335లో జెనోవా దొర ఒకడు లెస్బోస్ దీవిని ఆక్రమించినప్పుడు చక్రవర్తికి తురుష్కుల సాయం కావలసివచ్చింది. దాడి చేసేవాళ్ళతోనే చేతులు కలపాలన్న ఆలోచన కంటకుజెనోస్‌ది. ఇజ్మీర్‌కు పడమట కరబురున్ తీరాన ఇద్దరూ కలుసుకున్నారు, నాలుగు రోజులు కలిసి గడిపారు. ఏం మాట్లాడుకున్నారో గానీ ఆ నాలుగు రోజుల్లో కుదిరిన బంధం ఉమూర్ చనిపోయేదాకా తెగలేదు. కంటకుజెనోస్‌ను సూటిగా విమర్శించగలిగిన గ్రీకు చరిత్రకారుడు నికిఫోరోస్ గ్రెగోరాస్ కూడా వీళ్ళ స్నేహాన్ని గ్రీకు పురాణాల్లోని ఒరెస్తీస్, పిలాడీస్‌ల మైత్రితో పోల్చాడు. ఒక క్రైస్తవ పండితుడు, తన దేశాన్ని దోచిన ముస్లిం ప్రభువు గురించి రాసిన మాట అది.

ఎన్వెరీ కావ్యంలో ఒక ఘట్టం ఉంది. కంటకుజెనోస్ తన కూతురిని ఇస్తానంటే ఉమూర్ ఒప్పుకోలేదు. అతను నాకు అన్న, అతని కూతురు నాకూ కూతురే కదా అన్నాడట. అన్నదమ్ముల బిడ్డలను తమ బిడ్డలుగానే చూసుకునే మన ఇళ్ళలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. కవి కల్పన కావచ్చు. అయినా కంటకుజెనోస్ కూతురి పెళ్ళి ఆ తర్వాత రాజకీయాన్ని ఎలా తిప్పిందో తెలిసినవాడికి, ఆ కాదనడం వెనకనున్న ఖరీదు కనిపిస్తుంది.

1341 జూన్‌లో అండ్రోనికోస్ చనిపోయాడు. వారసుడు తొమ్మిదేళ్ళ పిల్లవాడు. రాణి ఆన్నా ఒకవైపు, కంటకుజెనోస్ మరొకవైపు చేరి అంతర్యుద్ధం మొదలైంది. ఆ అక్టోబరులో కంటకుజెనోస్ థ్రేస్‌లోని డిడిమొతికోలో తానే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే దిక్కులేక సెర్బియా రాజును ఆశ్రయించాల్సివచ్చింది. భార్య ఇరీనీ డిడిమొతికోలో చిక్కుకుపోయింది. ఆమె కబురు పంపగానే ఉమూర్ 1342 చివర చలికాలంలో బయలుదేరాడు. 380 ఓడలు, 29,000 మంది మనుషులు అని కంటకుజెనోస్ తన చరిత్రలో రాసుకున్నాడు. భాగిస్తే ఓడకు 76 మంది. కాబట్టి వాటిలో ఎక్కువభాగం చిన్న పడవలే అయి ఉంటాయి. స్నేహితుడి సైన్యాన్ని కాస్త పెద్దది చేసి చెప్పుకున్నాడని అనుకున్నా, ఆ చిన్న రాజ్యం తన దగ్గరున్నదంతా ఊడ్చి తెచ్చిందన్నది స్పష్టం.

పట్టణం ముట్టడినుంచి బయటపడింది. ఇరీనీ గుర్రాలు పంపి కోటలోకి రమ్మని ఆహ్వానిస్తే ఉమూర్ రాలేదని గ్రెగోరాస్ రాశాడు. మిత్రుడు ఎక్కడో పరాయి కొండల్లో తిరుగుతుంటే అతని ఇంట్లో తాను సుఖపడడం తగదన్నాడట. మిత్రుణ్ణి వెతుకుతూ సెర్బియా వైపు బయలుదేరాడు కూడా. మంచు దారి మూసేసింది. వెచ్చని తీరంనుంచి వచ్చిన అతని మనుషులు ఆ చలికి రాలిపోసాగారు. వెనుదిరగక తప్పలేదు. 1343లో మళ్ళీ వచ్చాడు. ఈసారి థెస్సలొనీకి సీమలో ఇద్దరూ కలుసుకున్నారు. ఆ నగరం లొంగకపోయినా, తురుష్క దళాల అండతో కంటకుజెనోస్ థ్రేస్‌లోకి తిరిగి అడుగుపెట్టగలిగాడు. దారిపొడవునా ఆ దళాలు పల్లెలను దోచాయి, మనుషులను చెరపట్టాయి. కంటకుజెనోస్ తాను ఏలదలచిన ప్రజలనే మిత్రుడి సైనికులకు జీతం కింద వదిలేశాడని నేనంటే, ఆయన అభిమానులకు కోపం రావచ్చు.

ఉమూర్ చేతిలో దెబ్బలు తింటున్న వెనిస్, రోడ్స్ దీవిలోని హాస్పిటలర్ అనే క్రైస్తవ సన్యాసి యోధులు, సైప్రస్ రాజు, పోపు ఆరవ క్లెమెంట్ - నలుగురూ ఒక కూటమి కట్టారు. పోపు 1343లో క్రూసేడు, అంటే క్రైస్తవ మతయుద్ధం, ప్రకటించాడు. జెరూసలేం కోసం కాదు, ఒక చిన్న బేలిక్ రేవు కోసం! సుమారు ఇరవై యుద్ధనౌకలు కూడాయి. పోపు నౌకలకు నాయకుడు ఎవరనుకున్నారు? పదిహేనేళ్ళ కింద ఇదే రేవు కోటను ఉమూర్‌కు పోగొట్టుకున్న మార్టినో జకారియా. మధ్యలో బైజాంటైన్ చెరసాలలో ఏళ్ళు గడిపి బయటపడ్డవాడు. ఈ నౌకలతో తన ఖియోస్ దీవిని కూడా తిరిగి పట్టుకుందామని అతను ఆశపడితే, పోపు అడ్డుచెప్పాల్సివచ్చింది.

1344 అక్టోబరు 28న ఆ నౌకలు ఇజ్మీర్ రేవులోకి చొరబడి కింది కోటను పట్టుకున్నాయి. రేవులో ఉన్న ఓడలు తగలబడ్డాయి. పై కోట ఉమూర్ చేతుల్లోనే మిగిలింది. కొండమీద ఒకరు, ఒడ్డున ఒకరు, నడుమ ఎవరిదీ కాని పాత ఊరు. ఆ నడిమి శిథిలాల్లో ఒకప్పుడు స్మిర్నా ప్రధాన చర్చిగా ఉన్న కట్టడం ఉంది. 1345 జనవరి 17న క్రూసేడు నాయకుడు, కాన్‌స్టాంటినోపుల్ లాటిన్ (పోపు పక్షపు) మతగురువు, ఇటలీలోని ఆస్తి పట్టణపు హెన్రీ అక్కడే ప్రార్థన జరిపించాలని పట్టుబట్టాడు. ప్రమాదమని తోటివాళ్ళు చెప్పినా వినలేదు. ఉమూర్ మనుషులు పైనుంచి వచ్చిపడ్డారు. హెన్రీ, జకారియా, వెనిస్ సేనాని పియెట్రో జేనో ఒక్కరోజులో అక్కడే హతులయ్యారు. దెబ్బ పెద్దదే కానీ కింది కోట మాత్రం కదల్లేదు. సముద్రంనుంచి తిండీ మనుషులూ అందుతున్నంతకాలం నేలవైపునుంచి ముట్టడించి ప్రయోజనం ఉండదు.

ఇలాంటి స్థితిలో ఉమూర్ చేసిన పని చూడండి. అదే 1345లో, ఓడలు లేకపోతేనేం అని, పొరుగు సారుఖాన్ బేలిక్ నేలమీదుగా నడిచి ఉత్తరాన ఆసియా, ఐరోపాల నడుమనున్న జలసంధి దాటి మళ్ళీ కంటకుజెనోస్ సాయానికి వెళ్ళాడు. జులై 7న పెరిథియోరియోన్ కోట ముందు బల్గేరియన్ దళనాయకుడు మొమ్‌చిల్‌ను ఇద్దరూ కలిసి ఓడించి చంపారు. వెంట వచ్చిన సారుఖాన్ కొడుకు సులేమాన్ దారిలో జ్వరంతో పోవడంతో, ఉమూర్ ఇంటిదారి పట్టాడు. తన రేవు శత్రువు చేతిలో ఉండగా మిత్రుడి యుద్ధానికి పోవడాన్ని గొప్ప అనాలా, తెలివితక్కువ అనాలా? నా మట్టుకు నాకు, పాలకుడిగా అతను చేసిన అతిపెద్ద పొరపాటు ఇదే. చేతిలో మిగిలిన బలాన్నంతా కూడగట్టి రేవు దగ్గరే నిలిచి ఉండాల్సింది.

మరుసటి ఏడు, 1346లో, కంటకుజెనోస్ తన కూతురు థియొడోరాను ఒర్హాన్‌కు ఇచ్చి పెళ్ళిచేశాడు. కాన్‌స్టాంటినోపుల్‌కు ఎదురుగా ఆసియా వైపునున్న బిథీనియాలోని ఒట్టోమన్ బేలిక్ ప్రభువు ఈ ఒర్హాన్. ఉమూర్ నడుం విరిగింది, ఓడలు లేవు. జలసంధికి ఇవతలే కూర్చున్న ఒర్హాన్‌కు సముద్రపు దారే అక్కర్లేదు. కంటకుజెనోస్ లెక్క రాజకీయంగా సరైనదే. 1347 ఫిబ్రవరిలో అతను కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రవేశించి చక్రవర్తి అయ్యాడు. ఉమూర్ మోసిన బరువుకు ఫలం ఒర్హాన్ ఇంటికి చేరింది. అందుకు మిత్రుణ్ణి నిందించిన జాడ ఏ రచనలోనూ నాకు కనబడలేదు.

ఉమూర్‌కు మిగిలిన పని ఒక్కటే, కింది కోట. పోపు పంపిన రెండో దండు, ఫ్రెంచి ప్రభువు ఉంబేర్ నాయకత్వంలో 1346లో వచ్చి, ఏమీ సాధించకుండా మరలిపోయింది. 1348 మే నెలలో ఉమూర్ స్వయంగా కోట మీదికి నడిచాడు. గోడ ఎంత ఎత్తుందో చూడడానికి శిరస్త్రాణపు ముఖకవచం పైకెత్తిన క్షణంలో బాణం వచ్చి తగిలిందని ఎన్వెరీ చెబుతాడు. అతని వయసు ముప్ఫైతొమ్మిది. బిర్గీలో తండ్రి పక్కన పూడ్చిపెట్టారు.

ఒకప్పుడు గద్దెను వదులుకున్న అన్న హిజిర్ ఇప్పుడు అదే గద్దె ఎక్కి, ఆగస్టు 18న లాటిన్ కూటమితో సంధి రాసుకున్నాడు. తన రేవుల సుంకాల్లో సగం వాళ్ళకు వదిలాడు, యుద్ధనౌకలను ఆయుధాలు దింపి ఒడ్డుకు లాగించడానికి ఒప్పుకున్నాడు. ఓడలు లేని ఐదిన్ బేలిక్ మళ్ళీ ఒక మామూలు చిన్న సంస్థానమైంది. 1354లో భూకంపం గల్లిపోలి గోడలను కూల్చితే, ఒర్హాన్ కొడుకు సులేమాన్ జలసంధి దాటి అక్కడ పాతుకుపోయాడు. దోచుకుని తిరిగి వెళ్ళే ఉమూర్ పద్ధతికీ, వచ్చి నిలిచిపోయే ఒట్టోమన్ పద్ధతికీ తేడా అక్కడ బయటపడింది.

ఉమూర్ ప్రాణం తీసిన రేవు కోట మాత్రం అతని తర్వాత మరో యాభైనాలుగేళ్ళు క్రైస్తవుల చేతుల్లోనే ఉంది. అనటోలియాలో దాదాపు అన్నిటినీ మింగిన ఒట్టోమన్ సుల్తాన్ బాయజీద్ వల్ల కూడా అది కాలేదు. 1402 డిసెంబరులో తైమూర్ వచ్చాడు. కొండంత సైన్యం ఉన్నవాడు కాబట్టి రేవు ముఖద్వారంలో రాళ్ళు పోయించి సముద్రపు దారిని మూయించాడు. ఓడలు లోపలికి రాలేని కోట దాదాపు రెండు వారాల్లో పడిపోయింది, దాన్ని నేలమట్టం చేయించాడు.